టైల్ ఒక్కటే తీస్తే సరిపోదు

అమెరికాలో ఆస్‌బెస్టాస్ ఇన్‌స్పెక్టర్‌గా, అంటే పాత ఇళ్ళలో ఆస్‌బెస్టాస్ (దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల్ని పాడుచేసే నారలాంటి ఖనిజం) ఉందేమో ముక్కలు తీసి ల్యాబ్‌కి పంపే పనిలో, కొత్తగా చేరినవాళ్ళకి ఒక మాట. పాత ఇంట్లో 9 అంగుళాల చదరపు ఫ్లోర్ టైల్స్ కనిపిస్తే పైముక్క విరిచి కవర్లో వేసుకుని వచ్చేయకండి, దాని కింద తారులా నల్లగా అంటుకుని ఉండే జిగురు కూడా కాస్త గీకి తీయాలి, ఎందుకంటే టైల్‌లో ఆస్‌బెస్టాస్ లేకపోయినా జిగురులో ఉండొచ్చు. ల్యాబ్‌లో ఒక్కో పొరనీ విడివిడిగా చూస్తారు, 1 శాతం దాటితే ఆస్‌బెస్టాస్ ఉన్నట్టే లెక్క. మొదట్లో నేను జిగురు వదిలేసి మళ్ళీ అదే ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది, ఓనర్ ముఖం చూడలేకపోయాను.

ఇంకోటి, ముక్క తీసేముందు స్ప్రే సీసాతో బాగా తడపండి. ఉత్త నీళ్ళు జారిపోతాయి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపితే లోపలికి ఇంకుతుంది, దుమ్ము లేవదు. మాస్క్ ఎలాగూ ఉండాలి, అదీ సన్నటి దుమ్మునీ ఆపే పి100 ఫిల్టర్ ఉన్నది, సర్జికల్ మాస్క్ దేనికీ పనికిరాదు. ఒక శాంపిల్ అయ్యాక ఉలిని తడి వైప్‌తో తుడిచాకే ఇంకోదాని మీద పెట్టండి, లేకపోతే దీని పొడి దానికి అంటుకుని రిపోర్టు తప్పుగా వస్తుంది.

మన ఊళ్ళో ఆస్‌బెస్టాస్ కలిసిన సిమెంట్ రేకులకి డ్రిల్లుతో బెజ్జాలు వేసేవాళ్ళకి కూడా ఆ సబ్బునీళ్ళ సంగతి చెప్పండి, అక్కడ పొడిగానే కోసేస్తుంటారు.