నైట్ల కథలు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: బాకీల పట్టీ

పోయిన పాఠంలో రొమాన్స్ అనే మాటకి మొదట్లో ప్రేమతో పని లేదని చూశాం. లాటిన్‌లో కాకుండా మాట్లాడే ఫ్రెంచిలో రాసిన కథకి ఆ పేరు వచ్చింది. మన పాల్కురికి సోమన జానుతెనుగు కావాలని ద్విపద ఎంచుకున్నట్టే, 12వ శతాబ్దం రెండో సగంలో క్రెటియెన్ ద త్రువా అనే కవి చిన్న చిన్న పాదాలు రెండేసి కలిపి, చివర ప్రాస వేసి, తన కథలు చెప్పాడు. కథల్లోని బ్రిటన్ రాజు ఆర్థర్ కొలువులోని నైట్లని, అంటే గుర్రం మీద పోరాడే వీరుల్ని, మనకి పరిచయం చేసినవాళ్లలో ముఖ్యుడు ఆయనే.

ఈ పాఠంలో ఒకే ఒక్క పని నేర్చుకుంటాం. నైట్‌కి ఒక ధర్మం ఉంటుంది కదా, అది కథలో ఎక్కడ ఎలా పనిచేస్తోందో పట్టుకోవడం. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు, ఒక గంట తీరిక ఉంటే చాలు.

ముందుగా ఒక జాగ్రత్త. నైట్ల ధర్మం గురించి ఎవరినడిగినా "పది ఆజ్ఞలు" అని ఒక జాబితా చేతికిస్తారు. బలహీనులను కాపాడు, అబద్ధమాడకు, శత్రువుకి వెన్ను చూపకు, ఇలా ఉంటుంది. ఆ జాబితా మధ్యయుగానిది కాదు. 1884లో లియోన్ గోతియే అనే ఫ్రెంచి పండితుడు పాత కావ్యాలు చదివి, తనకి అర్థమైన ధర్మాన్ని పది సూత్రాలుగా కూర్చాడు. మంచి పనే చేశాడు, కానీ ఏ నైటూ దాన్ని బట్టీ పట్టలేదు. మధ్యయుగంలో రాసిన పుస్తకాలు వేరే ఉన్నాయి, అవి కూడా ఒకే మాట చెప్పవు. 13వ శతాబ్దంలో కతలాన్ భాషలో రాసిన రామోన్ లుల్‌కి నైట్‌రికం దాదాపు అర్చకత్వమంత పవిత్రమైన పదవి. 1356లో పొయితియే యుద్ధంలో ఫ్రెంచి రాజపతాకం పట్టుకుని ప్రాణాలు వదిలిన జెఫ్రాయ్ ద షార్నీకి అది దెబ్బలు తిని సంపాదించుకునే పేరు.

కాబట్టి జాబితా పట్టుకుని కథలోకి దిగితే, "ఇది పాటించాడు, అది తప్పాడు" అని టిక్కులు పెట్టడం తప్ప ఏమీ మిగలదు. నేను మొదట్లో అలాగే చదివాను. అన్ని కథలూ ఒకేలా కనిపించాయి.

జాబితా పక్కన పెట్టి, ఒక బాకీల పట్టీ రాయండి. కథలో ఒక చోట ఆగి, ఈ క్షణాన ఈ నైట్ ఎవరెవరికి ఏమేం బాకీ ఉన్నాడో రాయాలి. రాజుకి ఏం బాకీ? ప్రేమించిన స్త్రీకి? అన్నం పెట్టిన ఇంటికి? శరణన్న శత్రువుకి? దేవుడికి? దారిలో ఏడుస్తూ ఎదురైన మనిషికి? ప్రతి బాకీ పక్కనా గడువు కూడా వేయండి: ఇవాళా, ఏడాది తర్వాతా, ఎప్పటికీనా అని. రెండు బాకీల గడువు ఒకే గంటకి పడిందంటే, కవి మిమ్మల్ని తీసుకురావాలనుకున్న చోటు అదే.

చిన్నదానితో మొదలుపెడదాం. క్రెటియెన్ కథ ఒకదానిలో ఆర్థర్ భార్య గ్వినివేర్ రాణిని మెలియగాంట్ అనే శత్రువు ఎత్తుకుపోతాడు. ఆమెని ప్రేమించే లాన్సలాట్ అనే నైట్ వెంటపడతాడు, గుర్రం చచ్చిపోతుంది, నడుస్తున్నాడు. ఒక బండి ఎదురవుతుంది. ఆ రోజుల్లో అలాంటి బండిలో దొంగల్ని, హంతకుల్ని కూర్చోబెట్టి ఊరేగించేవారని కవి చెబుతాడు. బండి తోలే మరుగుజ్జు, రాణి సంగతి తెలియాలంటే ఎక్కమంటాడు. పట్టీ రాయండి. రాణికి బాకీ: ఇప్పుడే, ఏ వెల అయినా సరే. తన పేరుకి, నైట్ల మర్యాదకి బాకీ: ఆ బండి ఎక్కకూడదు. రెండూ ఒకే నిమిషానికి పడ్డాయి. అతను రెండడుగులు వెనకాడి ఎక్కుతాడు. వెంట ఉన్న గావెయిన్ అనే ఇంకో నైట్ మాత్రం బండి ఎక్కనని గుర్రం మీదే వస్తాడు. ఆ తర్వాత లాన్సలాట్ కత్తి అంచు లాంటి వంతెన మీద చేతులూ మోకాళ్లూ కోసుకుంటూ పాకి, రాణిని చేరతాడు. ఆమె మొహం తిప్పుకుంటుంది. కారణం చాలా సేపటికి గానీ బయటికి రాదు. ఆ రెండడుగులే. వంతెన మీద కారిన నెత్తురంతా జమ వేసుకోకుండా రెండడుగుల ఆలస్యం మాత్రం ఖర్చు వేసింది. ఇది అన్యాయంగా అనిపిస్తే మీరు సరిగ్గానే చదువుతున్నారు. రాణి అడిగిన లెక్కా మనం వేసే లెక్కా ఒకటి కావని కవికి తెలుసు.

ఇంకో రకం బాకీ ఉంది. పైకి కనిపించదు, అందుకే కష్టం. క్రెటియెన్ చివరి కథలో పెర్సెవాల్ అడవిలో తల్లి పెంపకంలో పెరిగిన అమాయకుడు. నైట్ కావాలని బయల్దేరతాడు. వంతెన దగ్గర తల్లి కూలిపోవడం వెనక్కి తిరిగి చూస్తాడు, అయినా గుర్రాన్ని కొట్టి ముందుకే పోతాడు. తర్వాత గొర్నెమాన్ అనే పెద్దాయన అతనికి నైట్‌రికం నేర్పుతాడు. శరణన్నవాడిని చంపకు, ఆపదలో ఉన్న స్త్రీలకి సాయం చెయ్యి, మరీ ఎక్కువ మాట్లాడకు అని చెబుతాడు. మంచి మాటలే. ఒక రాత్రి పెర్సెవాల్ నడుం కింద గాయంతో లేవలేని ఒక రాజు ఇంట్లో అతిథి. భోజనాల వేళ ఒక కుర్రాడు బల్లెం పట్టుకుని వస్తాడు. దాని మొన నుంచి ఒక నెత్తుటి చుక్క జారి అతని చేతి దాకా కారుతుంది. వెనకాలే దీపాల సెమ్మెలు, ఆ వెనక ఒక అమ్మాయి చేతుల్లో గ్రెయిల్ అనే బంగారు పళ్లెం. కొత్త వంటకం వడ్డించిన ప్రతిసారీ ఆ గ్రెయిల్ ఎదురుగా పోతూనే ఉంటుంది. ఇది ఎవరికి తీసుకెళ్తున్నారని అడగాలని పెర్సెవాల్‌కి నాలుక చివరన ఉంది. గురువు మాట గుర్తొచ్చి, రేపు పొద్దున అడుగుదాంలే అనుకుంటాడు. పొద్దున కోటలో మనిషి ఉండడు. వంతెన దాటుతుండగానే ఎవరో దాన్ని పైకి లాగేస్తారు.

ఆ ప్రశ్న అడిగి ఉంటే రాజు గాయం మానేది. ఇక్కడ పట్టీలో ఏం రాస్తారు? గురువుకి బాకీ: తక్కువ మాట్లాడటం. అది తీర్చాడు. అన్నం పెట్టిన రాజుకి బాకీ: ఆ గ్రెయిల్ ఎవరికని ఒక్క ప్రశ్న. ఇది ఎవరూ నేర్పలేదు, ఏ జాబితాలోనూ లేదు. తర్వాత ఒక సన్యాసి అసలు మూలం చెబుతాడు: తల్లి పడిపోతుంటే వదిలి వచ్చిన పాపమే ఆ రాత్రి నీ నాలుక కట్టేసింది అని. మొట్టమొదటి బాకీ అది, ఎప్పుడో మొదట్లోనే పడింది. మీరు పట్టీలో ఆ వరుస రాసి ఉండకపోతే ఇప్పుడు వెనక్కి వెళ్లి రాయండి. ఈ కథని క్రెటియెన్ పూర్తి చేయలేదు. పెర్సెవాల్ ఆ ప్రశ్న మళ్లీ అడిగే చోటు ఆయన చేతి మీదుగా మనకి దొరకదు, అది నాకు ఇప్పటికీ బాధే.

ఇక అన్నిటికంటే చిక్కు లెక్క. 14వ శతాబ్దం చివర ఇంగ్లండులో ఎవరో పేరు చెప్పుకోని కవి రాసిన గావెయిన్, పచ్చ నైట్ కథ. 2530 పాదాల కావ్యం, ఒకే ఒక్క రాతప్రతి మిగిలింది. 1731లో అది ఉన్న గ్రంథాలయానికి నిప్పంటుకున్నా అది బతికి, ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

కొత్త సంవత్సరం నాడు ఆర్థర్ కొలువులోకి ఒళ్లంతా పచ్చగా ఉన్న ఒక నైట్ గొడ్డలితో వచ్చి, నా మెడ మీద ఒక వేటు వేయండి, ఏడాది తర్వాత నేనొక వేటు వేస్తానంటాడు. గావెయిన్ తల నరికేస్తాడు. వాడు తల చేత్తో పట్టుకుని, పచ్చ చర్చికి వచ్చి నీ వంతు తీసుకో అని చెప్పి పోతాడు. మొదటి బాకీ, గడువు సరిగ్గా ఏడాది. గావెయిన్ బయల్దేరేటప్పుడు కవి ఆగి, అతని డాలు మీది ఐదు కోణాల నక్షత్రాన్ని తీరిగ్గా వివరిస్తాడు. ఔదార్యం, స్నేహం, శుచిత్వం, మర్యాద, దయ. గీత ఎక్కడా తెగకుండా ఒకదాంట్లోంచి ఒకటి అల్లుకున్న ముడి అది. ఒక్కటి సడలినా మొత్తం సడలినట్టే. పెన్సిలుతో ఇక్కడ గీత గీయండి. మళ్లీ పనికొస్తుంది.

క్రిస్మస్ ముందురోజు ఒక కోటలో ఆశ్రయం దొరుకుతుంది. ఇంటి యజమాని ఒక పందెం వేస్తాడు. మూడు రోజులు నేను వేటకి వెళ్తాను, నువ్వు ఇంట్లో విశ్రాంతి తీసుకో. నాకు అడవిలో దొరికింది నీది, నీకు ఇంట్లో దొరికింది నాది. ప్రతి సాయంత్రం మార్చుకుందాం. రెండో బాకీ, గడువు ప్రతి సాయంత్రం. రోజూ పొద్దున యజమాని భార్య గావెయిన్ పడక దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. కసిరితే స్త్రీకి మర్యాద తప్పినట్టు. లొంగితే శుచిత్వం పోతుంది, అన్నం పెట్టిన ఇంటికి ద్రోహం. మర్యాద, శుచిత్వం, ఆ నక్షత్రంలోని రెండు కోణాలే ఒకదాన్నొకటి లాగుతున్నాయి. గావెయిన్ మాటల నేర్పుతో నెట్టుకొస్తాడు. మొదటి రోజు ఒక ముద్దు పుచ్చుకుని సాయంత్రం యజమానికి ఒక ముద్దు ఇస్తాడు, జింకలు తీసుకుంటాడు. రెండో రోజు రెండు ముద్దులు, అడవిపంది.

మూడో రోజు దగ్గర నెమ్మదిగా చదవండి. ఆమె బంగారు ఉంగరం ఇస్తానంటే వద్దంటాడు. పచ్చ పట్టు నడికట్టు ఇస్తానన్నా వద్దంటాడు. ఇది కట్టుకున్నవాడిని ఎవరూ చంపలేరు అని ఆమె అన్నాక చెయ్యి చాస్తాడు. మా ఆయనకి చెప్పొద్దు అంటుంది, సరేనంటాడు. ఆ ఒక్క "సరే"తో పట్టీలో కొత్త బాకీ పడింది, పాతదానికి నేరుగా అడ్డం. తర్వాత పూజారి దగ్గరికి వెళ్లి పాపాలు ఒప్పుకుంటాడు. నడికట్టు సంగతి చెప్పాడా లేదా అన్నది కవి చెప్పడు. ఆ సాయంత్రం ఏం జరిగిందో చూడండి. అంతకుముందు రెండు రోజులూ యజమానే ముందు తన వేట చూపించేవాడు. ఈసారి గావెయిన్ తొందరపడి ఎదురెళ్లి, ముందు నేనిస్తానని మూడు ముద్దులూ ఇచ్చేస్తాడు. బదులుగా వచ్చింది ఒక నక్క తోలు. నేను మొదటిసారి చదివినప్పుడు ఈ తొందరని గమనించనేలేదు. పట్టీ రాస్తున్నప్పుడు గానీ కనిపించలేదు: లెక్క దాచేవాడే ముందుగా లెక్క అప్పజెబుతున్నాడు.

పచ్చ చర్చి దగ్గర మూడు వేట్లు. రెండు ఉత్తుత్తివే, మెడ తాకవు. మూడోది చర్మం చీల్చి వదులుతుంది. పచ్చ నైటే ఆ ఇంటి యజమాని. రెండు రోజులు మాట నిలబెట్టావు కాబట్టి రెండు వేట్లు ఆపాను, మూడో రోజు తప్పావు కాబట్టి ఈ గాటు, అంటాడు. నువ్వు ఆశపడింది వస్తువుకి కాదు, ఆడదానికీ కాదు, ప్రాణం మీద తీపితో చేశావు, అందుకే నేను పెద్దగా తప్పుపట్టను అని కూడా అంటాడు. గావెయిన్ మాత్రం తనని తాను క్షమించుకోడు. ఆ నడికట్టుని సిగ్గుకి గుర్తుగా ఒంటి మీద వేసుకుని తిరిగొస్తాడు. కొలువంతా నవ్వి, గౌరవంగా తలా ఒక పచ్చ పట్టీ కట్టుకుంటారు. ఒకే తప్పుకి మూడు లెక్కలు: పచ్చ నైట్‌ది, గావెయిన్‌ది, కొలువుది. మీ నోటుబుక్కులో మూడు గళ్లు గీసి ఎవరి లెక్క వాళ్ల గడిలో రాయండి. కవి ఏ గడి పక్కనా టిక్కు పెట్టలేదు.

ఇంటి పని. క్రెటియెన్ రాసిన ఇవైన్ కథలోంచి ఒక పొద్దుటి పూట. ఇవైన్ భార్య లోదీన్‌కి ఏడాదిలోపు వస్తానని మాటిచ్చి, పోటీల సందడిలో గడువు మరిచిపోయాడు. ఆమె తెంచుకుంది. అతను పిచ్చివాడై అడవి పట్టి, ఎలాగో కోలుకుని, పాము నోటి నుంచి ఒక సింహాన్ని కాపాడి దాన్ని తోడు తెచ్చుకున్నాడు. ఇప్పుడు లూనెట్ అనే అమ్మాయిని మధ్యాహ్నానికి చితి మీద కాల్చబోతున్నారు. ఆమె తరఫున పోరాడటానికి వస్తానని మాటిచ్చాడు. కిందటి రాత్రి అన్నం పెట్టిన ఇంటివాళ్ల కొడుకుల్ని ఒక రాక్షసుడు పట్టుకున్నాడు, కూతుర్ని ఇవ్వకపోతే చంపుతానన్నాడు. పొద్దున్నే వస్తానన్న ఆ రాక్షసుడు ఇంకా రాలేదు. ఆ ఇంటి ఇల్లాలు ఇవైన్ ప్రాణస్నేహితుడు గావెయిన్‌కి సొంత తోబుట్టువు. పొద్దెక్కుతోంది. ఇవైన్ వెళ్లాలని లేస్తాడు. ఆ కూతురు గావెయిన్ పేరు చెప్పి ఏడుస్తుంది.

ఇక్కడ పుస్తకం మూయండి. రాక్షసుడు వస్తాడో లేదో చూడకండి. ఈ క్షణానికి ఇవైన్ పట్టీ రాయండి, ప్రతి బాకీకీ గడువు వేయండి. లోదీన్‌కి ఇచ్చి తప్పిన మాటని ఏ వరుసలో రాస్తారో ఆలోచించి రాయండి, ఎందుకంటే వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.