పాత అమెరికన్ కారు కొంటున్నారా? ముందు గ్రిల్లు పళ్ళు లెక్కపెట్టండి

నాకు విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్స్ షాపు ఉంది. ఇంట్లో 1949 మోడల్ బ్యూక్ సూపర్ ఉంది. ఈ రెండో సంగతి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకటే. "అన్నా, ఫలానా ఊళ్ళో పాత కారు ఒకటి ఉందంట, ఇంజిన్ కండిషన్‌లో ఉందంటున్నారు, తీసేసుకోనా?" ఇంజిన్ సంగతి తర్వాత, గ్రిల్లుకి పళ్ళన్నీ, అంటే కారు ముందు జాలీలో ఉండే మెరిసే పట్టీలన్నీ, ఉన్నాయా అని నేను అడుగుతాను. అవతలివాళ్ళు నవ్వుతారు.

నవ్వే విషయం కాదు. ఇంజిన్ పట్టేసి ఉన్నా విజయవాడలో దానికి మందు ఉంది. రీబోర్ చేసేవాళ్ళు, క్రాంకు గ్రైండింగ్ వాళ్ళు, రేడియేటర్ కోరు మార్చేవాళ్ళు, రేకు కొట్టి లారీ క్యాబిన్ నిలబెట్టేవాళ్ళు, అందరూ జవహర్ ఆటోనగర్‌లో పక్కపక్క రోడ్లలోనే దొరుకుతారు. దొరకనివి తళతళలాడే చిన్న ముక్కలు. గ్రిల్లు పళ్ళు, హబ్ కప్పులు, లైటు రింగులు, డాష్‌బోర్డు మీద గుండీలు, బానెట్ మీద బొమ్మ, వంపు తిరిగిన వెనక అద్దం. వీటికి అచ్చులు మన దగ్గర లేవు. అమెరికా నుంచి తెప్పిస్తే ఒక్కోసారి వస్తువు ధరకన్నా షిప్పింగు, కస్టమ్స్ సుంకం కలిపి ఎక్కువవుతాయి. కాబట్టి స్టార్ట్ అయ్యే కారుకన్నా ముక్కలన్నీ ఉన్న కారు చవక.

ఏ కారు కొనాలి? అందరికీ క్యాడిలాక్ కావాలి. జనరల్ మోటార్స్ నిచ్చెనలో షెవర్లే అడుగు మెట్టు, దాని పైన పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూక్, అన్నిటికన్నా పైన క్యాడిలాక్. మొదటి కారుగా మాత్రం ఆ పై మెట్టు ఎక్కవద్దనే నా సలహా. క్యాడిలాక్‌కి 1941 నుంచే హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరుబాక్సు వచ్చింది. అది విప్పి మళ్ళీ బిగించగల మేస్త్రీ, నాకు తెలిసి, మన ఊళ్ళో లేడు. బ్యూక్‌లో కూడా 1948 నుంచి డైనాఫ్లో అని ఒకటి ఉంది, దానికీ అదే కథ. స్టీరింగు పక్కన పుల్లతో మూడు గేర్లు వేసే మోడల్ దొరికితే పాత అంబాసిడర్ తోలినవాడు ఎవడైనా తోలతాడు. అంత హోదా అక్కర్లేదనుకుంటే డాడ్జ్, ప్లిమత్, డిసోటో చూడండి. వీటిని బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ బిగించి అమ్మేది. ఆ రోజుల్లో డాడ్జ్, ఫార్గో పెట్రోలు లారీల మీద పనిచేసిన పెద్ద మేస్త్రీలకు ఈ ఆరు సిలిండర్ల ఇంజిన్లు కొత్త కాదు.

1949 నుంచి బ్యూక్ మడ్‌గార్డుల పక్కన గుండ్రటి రంధ్రాలు ఉంటాయి. సూపర్‌కి మూడు, దానికన్నా ఖరీదైన మోడల్ రోడ్‌మాస్టర్‌కి నాలుగు. ఎవరైనా నాలుగోది పొడిపించి రోడ్‌మాస్టర్ అని చూపిస్తే రంధ్రాలు కాదు, ఇంజిన్ చూడండి. రోడ్‌మాస్టర్‌ది 320 క్యూబిక్ అంగుళాలు, అంటే 5.2 లీటర్లు. 1949 సూపర్‌ది 248, నాలుగు లీటర్ల పైచిలుకు. రెండిట్లోనూ ఎనిమిది సిలిండర్లు ఒకే వరసలో నిలబడి ఉంటాయి.

చూడటానికి వెళ్ళేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం, టార్చిలైటు పెట్టుకోండి. తలుపుల కింద, చక్రాల పైన, డిక్కీ అడుగున అయస్కాంతం అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. విజయవాడ చుట్టుపక్కల బండి అయితే ఇంకో ప్రశ్న తప్పనిసరిగా అడగండి: 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు ఇది ఎక్కడుంది? సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళలో నానిన బండి మీద కొత్త పెయింటు ఎంత మెరిసినా, సీటు తీసి కింద స్ప్రింగులు చూస్తే బురద చార తెలిసిపోతుంది. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపల నీళ్ళున్నట్టే.

బానెట్ ఎత్తగానే డీజిల్ ఇంజిన్ కనపడితే ఆశ్చర్యపోకండి. పెట్రోలు ధర పెరిగిన రోజుల్లో మన దేశంలో ఎన్నో అమెరికన్ కార్లకు అసలు ఇంజిన్ పీకి డీజిల్‌ది బిగించారు. ఆ మార్పిడి అప్పట్లో అవసరం, తప్పు పట్టను. కానీ ధర దగ్గర అది గుర్తుంచుకోవాలి, కాగితాల దగ్గర ఇంకా గట్టిగా గుర్తుంచుకోవాలి.

కాగితాల సంగతి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటిసారి రిజిస్టర్ అయి 50 ఏళ్ళు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. అంటే డీజిల్ బిగించిన బండి అక్కడే ఆగిపోతుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, అది పదేళ్ళు చెల్లుతుంది, ఆ తర్వాత రెన్యువల్‌కు 5,000. కొత్తగా ఇచ్చే నంబర్లలో వీఏ అనే అక్షరాలుంటాయి. ఇదివరకే రిజిస్టర్ అయిన బండి తన పాత నంబరు ఉంచుకోవచ్చు. ఇలా నమోదు చేసిన బండిని ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప రోజువారీ తిప్పకూడదు, కిరాయికి ఇవ్వకూడదు. నాది ఇంకా మామూలు రిజిస్ట్రేషన్‌లోనే ఉంది, అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయిస్తున్నాను. మద్రాసు రాష్ట్రం నాటి నంబరుతో ఒరిజినల్ ఆర్‌సీ బుక్కు ఉన్న బండి దొరికితే బేరం దగ్గర మరీ బిగదీయకండి. ఆర్‌సీ లేని బండి, చాసిస్ నంబరు చెరిగిన బండి ఉచితంగా ఇచ్చినా వద్దు.

బండి ఇంటికి వచ్చింది. అందరికీ ముందు పెయింటు మీదకి చెయ్యి పోతుంది. ఆగండి. పెయింటు అన్నిటికన్నా చివరి పని. ముందు ఆ సంవత్సరపు షాప్ మాన్యువల్ సంపాదించండి. అమెరికాలో 1966 నుంచి బ్యూక్ క్లబ్ ఆఫ్ అమెరికా ఉంది, క్యాడిలాక్ వాళ్ళకీ వేరే క్లబ్ ఉంది. పాత పుస్తకాలకీ, విడిభాగాలకీ దారి చూపించేది ఆ సభ్యులే. తర్వాత అంగుళాల స్పానర్లు కొనండి. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, మన 13 నంబరు స్పానర్ దానిమీద వదులుగా తిరిగి బోల్టు తలను గుండ్రం చేసేస్తుంది. మెకానిక్ "పర్లేదు సార్, పడుతుంది" అన్నా ఒప్పుకోకండి. మీ స్పానర్లు మీరే పట్టుకెళ్ళండి. విప్పే ప్రతిదానికీ ముందు ఫోటో తీసి, బోల్టుల్ని వేరువేరు సీసాల్లో వేసి చీటీ అంటించండి. మా ఆవిడ ఆవకాయ సీసాలు చాలావరకు అలాగే పోయాయి.

మొదట బ్రేకులు. ఈ కార్లకు బ్రేకు లైను ఒక్కటే. ఒక్క చోట పైపు పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. రెండు టన్నులకు దగ్గరగా ఉండే బండి దుర్గగుడి ఫ్లైఓవర్ దిగుతుంటే ఏమవుతుందో ఊహించుకోండి. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు విప్పించి, లోపల గుంటలు పడి ఉంటే లేత్ వర్క్‌షాపులో ఇత్తడి స్లీవ్ వేయించండి. లోపలి రబ్బరు కప్పులు కొలత ఇస్తే మన దగ్గరే దొరుకుతాయి, అన్నీ ఒకేసారి మార్చండి. పాత పైపులు పైకి బాగున్నా కొత్తవి వేయండి. హ్యాండ్ బ్రేకు పనిచేసేలా చూసుకోండి, అవసరానికి మిగిలేది అదే.

క్లచ్ గురించి ముందే తెలిస్తే మంచిది. బ్యూక్‌లో ప్రొపెల్లర్ షాఫ్టు ఒక గొట్టంలో మూసి ఉంటుంది. క్లచ్ ప్లేటు మార్చాలంటే వెనక ఆక్సిల్ మొత్తం విప్పి వెనక్కి జరపాలి. వెనక కమాన్ కట్టలు కూడా ఉండవు, కాయిల్ స్ప్రింగులు. అంబాసిడర్ లెక్కన రేటు మాట్లాడిన మేస్త్రీ సగంలో మొహం చాటేస్తాడు. కాబట్టి మాన్యువల్లో ఆ పేజీ చూపించి, తర్వాతే రేటు మాట్లాడండి. విప్పిన రోజునే ఆయిల్ సీళ్ళు, బేరింగులు కూడా మార్చేయండి.

మన ఎండల్లో ఈ కార్ల ప్రాణం రేడియేటర్‌లో ఉంటుంది. కోరు కొత్తది వేయించడం తేలికే, రాగి కోరే అడగండి. అంతకన్నా ముఖ్యం ఇంజిన్ బ్లాకు లోపల డెబ్బై ఏళ్ళుగా పేరుకున్న తుప్పు మడ్డి. బ్లాకు పక్కన గుండ్రటి రేకు బిళ్ళలు తీసి, తీగతో గోకి, నీళ్ళు ఎదురు దిశలో కొట్టించాలి. వరసగా ఎనిమిది సిలిండర్లున్న ఇంజిన్‌లో వెనక చివర మడ్డి ఎక్కువ చేరుతుంది, మేస్త్రీ చెయ్యి అక్కడిదాకా వెళ్ళిందో లేదో దగ్గరుండి చూడండి. ఇది చేయించకుండా కొత్త రేడియేటర్ వేస్తే నెల తిరక్కుండా ఆ మడ్డే వచ్చి దాన్ని మూసేస్తుంది.

కరెంటు దగ్గర మనవాళ్ళందరూ తడబడతారు. 1953కి ముందు బ్యూక్, క్యాడిలాక్ 6 వోల్టుల బండ్లు. వోల్టేజి సగం అయితే అదే పనికి కరెంటు రెట్టింపు కావాలి, కాబట్టి వైరు లావుగా ఉండాలి. ఇప్పటి కారు బ్యాటరీ కేబుల్ వేస్తే సెల్ఫ్ మూలుగుతూ తిరుగుతుంది. వెంటనే మెకానిక్ "12 వోల్టులకి మార్చేద్దాం సార్" అంటాడు. వెల్డింగ్ కేబుల్ అంత లావు వైరు వేసి, ఎర్త్ చోట పెయింటు గోకి మెరిసే ఇనుముకి బిగించి చూడండి, చాలాసార్లు ఆ మాట మళ్ళీ రాదు. మా బ్యూక్‌కి నెగెటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ నెగెటివ్ కొసను బండి బాడీకి బిగిస్తారు. అదే ప్యాకార్డ్, లింకన్, క్రైస్లర్ కంపెనీ 6 వోల్టుల బండ్లకు పాజిటివ్ ఎర్త్. బ్యాటరీ తిరగేసి పెట్టకముందే మాన్యువల్ చూడాలి.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరును తినేస్తుంది, గాల్లో తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో పాత మడ్డిని కరిగించి కార్బొరేటర్‌లోకి తెస్తుంది. ఫ్యూయల్ పంపు డయాఫ్రం, పైపులు ఇథనాల్‌కి తట్టుకునే రకానివి వేయండి, ట్యాంకు విప్పి కడిగించండి, పారదర్శకమైన ఫిల్టరు పెట్టండి. ఇథనాల్ 78 డిగ్రీలకే ఆవిరవుతుంది. మే నెలలో మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి ఆగి మళ్ళీ కదలకపోతే కారణం చాలావరకు అదే, పైపులో పెట్రోలు ఆవిరై పంపు లాగలేకపోవడం. అప్పటికి పంపు మీద తడిగుడ్డ కప్పడమే వైద్యం. శాశ్వతంగా కావాలంటే పైపును ఇంజిన్ వేడికి దూరంగా జరిపి, ట్యాంకు దగ్గర చిన్న కరెంటు పంపు పెట్టుకోవాలి. అసలు రోహిణీ కార్తెలో పగలు బయటికి తీయకపోవడం ఉత్తమం.

నికెల్ పాలిష్‌కి ఇచ్చేముందు ఒక పరీక్ష చేయండి. బంపరు ఇనుము, అయస్కాంతం అంటుకుంటుంది. గ్రిల్లు పళ్ళు, బొమ్మలు, హ్యాండిళ్ళలో చాలావరకు జింకు పోత, అంటుకోదు. పాలిష్ షాపులో రెండిటినీ ఒకే యాసిడ్ తొట్టెలో ముంచితే జింకు ముక్క కరిగి గుంటలు పడుతుంది. రెండు సంచులు కట్టి, జింకుదాని మీద రాసి, యజమానికి నోటితో కూడా చెప్పండి. ముందు రాగి, దానిమీద నికెల్, ఆ పైన క్రోమ్, ఈ మూడు పూతలూ కావాలని అడగండి. రాగి మానేస్తే చవకే, ఒక వానాకాలానికి పొంగిపోతుంది.

సీట్లు, లైనింగు పని విజయవాడలో బాగానే చేస్తారు, రెగ్జిన్ మాత్రం వద్దు. టైర్లు 235/75 ఆర్ 15 సైజు ఎస్‌యూవీవి దాదాపు సరిపోతాయి. పెయింటు గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. అసలు రంగే వేయించండి, ఎరుపు మీద ఎంత మోజున్నా.

చాలాకాలం ఆగిన ఇంజిన్‌ని వెంటనే తిప్పకండి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి, ఒక రాత్రి ఉంచి, చేత్తో తిప్పి, తర్వాత సెల్ఫ్ కొట్టండి. బ్యూక్‌లో సెల్ఫ్ బటన్ కోసం డాష్‌బోర్డు అంతా వెతక్కండి, ఉండదు. తాళం ఆన్ చేసి యాక్సిలరేటర్ తొక్కితే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోగానే దానంతట అదే వదిలేస్తుంది. ఈ సంగతి తెలియనివాళ్ళు గేరులో ఉన్న బండిలో తాళం ఆన్ చేసి పెడలు మీద కాలు వేస్తే బండి ముందుకు దూకుతుంది. అందుకే పెళ్ళికి కారు అడిగే చుట్టాలకి నేను తాళం ఇవ్వను. డ్రైవరుగా నేనే వెళ్తాను, పెట్రోలు మాత్రం పెళ్ళికొడుకు తండ్రిదే.