ఎరుపు తెలుపు మార్తెనిత్సా పేనడం ఎలా?

బల్గేరియాలో మార్చి 1న ఒకరి చేతికి ఒకరు ఎరుపు, తెలుపు దారాలతో పేనిన కంకణం కట్టి "చెస్తితా బాబా మార్తా" అంటారు. బాబా మార్తా అంటే మార్తా అవ్వ. పూటకో రకంగా ఎండా మంచూ చూపించే మార్చి నెలే ఆ కోపిష్ఠి అవ్వ. ఆమెను ప్రసన్నం చేసుకునే ఈ కంకణం పేరు మార్తెనిత్సా. బల్గేరియా, రొమేనియా, మోల్దోవా, ఉత్తర మాసిడోనియాల మార్చి 1 ఆచారాలను 2017లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒక్కో రంగు ఊలు రెండున్నర మీటర్లు చాలు. నున్నటి నైలాన్ దారం వద్దు, పురి నిలవదు. ముందు ఎర్ర ముక్కను తడిపి తెల్లగుడ్డలో ఒత్తి చూడండి. రంగు దిగితే అది పనికిరాదు.

1. ఒక్కో రంగులో 80 సెం.మీ. కత్తిరించండి. ఎర్రదారాన్ని సగానికి మడిచి, ఆ మడతలోంచి తెల్లదారం దూర్చి దాన్నీ సగానికి మడవండి. ఒకవైపంతా ఎరుపు, మరోవైపంతా తెలుపు ఉండాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రెండు రంగులనూ పక్కపక్కన పెట్టి పేనితే చక్కటి చారలు రావు, కలగాపులగమవుతుంది.

2. ఎర్ర కొసలను తలుపు గొళ్లేనికి కట్టండి. తెల్ల కొసలు ముడివేసి, అందులో పెన్సిల్ దూర్చి తిప్పండి. ఏ వైపు తిప్పితే ఊలు బిగుస్తుందో ఆ వైపే తిప్పాలి. ఎదురు తిప్పితే దాని సొంత పురి విడిపోయి తెగుతుంది. కాస్త వదులు చేయగానే దారం తనంతట తానే మెలిపడితే పురి చాలినట్టు.

3. రంగులు కలిసేచోట మరొకరిచేత బిగువుగా పట్టించి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి, మధ్యభాగాన్ని కొద్దికొద్దిగా వదలమనండి. రెండు పేటలూ పెనవేసుకుంటాయి. ఒక్కసారిగా వదిలితే ఉండలు కడుతుంది. కొసలు ముడివేయండి. సుమారు 30 సెం.మీ. తాడు వస్తుంది.

4. నాలుగు సెం.మీ. అట్టముక్కకు ఊలు 15 చుట్లు చుట్టి, పైన కట్టి, కింద కత్తిరిస్తే కుచ్చు. తాడుకు ఒక కొసన ఎరుపు, మరో కొసన తెలుపు కట్టండి. చేయి తిరిగినవారు వీటినే బొమ్మలుగా మలుస్తారు: తెల్లటి మగబొమ్మ పిజో, ఎర్రపావడా ఆడబొమ్మ పెండా.

మన వ్రతాల్లో తోరం మరొకరిచేత కట్టించుకున్నట్టే దీన్నీ కట్టించుకోవాలి. కొంగో, వానకోవెలో, పూసిన చెట్టో కంటపడేదాకా ఉంచుకుని, తర్వాత పూల కొమ్మకు కడతారు. అక్కడ మాత్రం వదులుగా కట్టండి. బిగిస్తే కొమ్మ లావెక్కేకొద్దీ దారం బెరడును కోస్తుంది.