డ్యూటీ, ట్రైను, పిల్లలు.. వీటి నడుమ జపం ఎట్ల చేసుకోవాలె

మా కాజీపేటల విభూది బుధవారం (ఈస్టర్‌కు ముందొచ్చే తపస్కాలం మొదటి దినం) రాంగనే అందరం పెద్దపెద్దగ మొక్కుకుంటం, రోజూ చర్చిల పూజకు పోత, జపమాల తప్పకుంట చెప్త, బైబిల్ మొత్తం చదువుత అని, రెండో వారానికి అన్నీ బంద్. నేనూ చాన ఏండ్లు గిదే చేసిన. ఆఖరికి అర్థమైందేందంటే జపానికి కొత్తగ టైం వెతుక్కోవద్దు, రోజూ ఎట్లాగూ చేసే పనికే దాన్ని తగిలించాలె. పొద్దున లేస్తనే ఫోన్ ముట్టుకోకముందు సిలువ గుర్తు వేసుకోండి. మొదటి నెల గదొక్కటే చాలు.

ఇగ జపమాల. నేను సికింద్రాబాద్‌కు అప్ అండ్ డౌన్ చేస్త, కాజీపేటల సీటు దొరికి కూసుంటే 5 రహస్యాలు (ఏసు, మరియమ్మ జీవితంల ఘట్టాలు, ఒక్కోదానికి పది పూసల జపం) జనగామ రాకముందే అయిపోతయి, మహా అంటే 20 నిమిషాలు. మాల బయటికి తీయబుద్ధి కాకపోతే 10 వేళ్లున్నయి కదా, లెక్కకు గవే. సోమ, శనివారాలు సంతోష రహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ రహస్యాలు, బుధ, ఆదివారాలు మహిమ రహస్యాలు, గురువారం వెలుగు రహస్యాలు. ఈ వెలుగు రహస్యాలు 2002ల రెండో జాన్ పాల్ పోపుగారు కలిపినయి, అందుకే మా అమ్మ పాత జపాల పుస్తకంల కనబడయి, ఆమె ఇప్పటికీ గురువారం అంటే సంతోష రహస్యాలే అంటది, నేను కొట్లాట పెట్టుకోను.

నడుమ నిద్రొస్తది, పక్కాయన ఫోన్‌ల రీల్స్ సౌండ్ పెడ్తడు, మనసు ఎటో పోతది. పోనీయండి, ఏ పూస కాడ ఆగిందో ఆడికెల్లి మళ్ల మొదలువెట్టుడే. మన ఫాతిమానగర్‌కు పేరొచ్చిన ఫాతిమా మాత, అంటే మరియమ్మ, 1917ల పోర్చుగల్ల కనబడ్డది ముగ్గురు గొర్రెలు కాసే పిల్లలకు, ఆ పిల్లలు అంతకుముందు జపమాల తొందరగ ఒడగొట్టి ఆడుకుందామని ఒక్కో పూసకు మొదటి ముక్క మాత్రమే అనేటోళ్లట. అసుంటోళ్లనే రోజూ జపమాల చెప్పుమన్నది తల్లి, మనం బుగులుపడుడు ఎందుకు?

ఆదివారం పూజకు డ్యూటీ అడ్డమొస్తే శనివారం సాయంత్రం పూజ ఉందేమో మీ విచారణల (మీ ఊరి చర్చిల) కనుక్కోండి, అది ఆదివారం లెక్కకే వస్తది. రైల్వే రన్నింగ్ డ్యూటీల ఉండి, జ్వరమొచ్చి పోలేకపోతే పాపం కాదు, నిద్ర లేవలేక పోకపోతే మాత్రం వేరే సంగతి. సత్ప్రసాదానికి (పూజల ఫాదర్ ఇచ్చే అప్పానికి) గంట ముందునుంచి ఏం తినొద్దు, మంచినీళ్లు, మందులు తీసుకోవచ్చు, షుగర్ ఉన్నోళ్లు గోలీ బంద్ పెట్టకుర్రి.

ఒక్కపొద్దు గురించి చానమందికి తికమక. కట్టుగ ఉపాసం రెండు దినాలే, విభూది బుధవారం, శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే), అదీ 18 నిండినకాడికెల్లి 59 దాక, ఒక్కపూట కడుపునిండ, మిగిలిన రెండుపూటలు కొంచెం కొంచెం. మాంసం మానుడు 14 నిండినోళ్లకు, ఆ రెండు దినాలతోపాటు తపస్కాలంల అన్ని శుక్రవారాలు. చేప, గుడ్డు తినొచ్చు. రూల్ ప్రకారం కొర్రమీను పులుసు కూడ తప్పు లేదు, కానీ దాంట్ల తపస్సు ఏడుందో నాకైతే తెల్వదు. శుక్రవారం ఎవరింట్లనన్న దావత్ పడితే బగారన్నంల వంకాయ కూర వేసుకొని తినిరండి, మటన్ ఎందుకు తింటలేనో అని అందరికి లెక్చర్ ఇయ్యకండి.

అన్నిటికన్న కష్టం పాపసంకీర్తనం, అంటే ఫాదర్ కాడ మన పాపాలు ఒప్పుకునుడు. ఏడాదికి ఒక్కసారన్న చేయాలె, నా మాటయితే నెలకోసారి. పూజకు అరగంట ముందు పోయి ఫాదర్‌ను అడగండి. పోయినసారి చేసి ఎన్ని దినాలైందో చెప్పి, పాపాలు చెప్పండి, కథ చెప్పకండి. అత్త ఏమన్నదో, తమ్ముడు భూమి కాడ ఏం చేసిండో వాళ్లు వచ్చి చెప్పుకుంటరు, నేనేమన్ననో గదే నేను చెప్పాలె. లోపల చెప్పింది ఫాదర్ ఎవ్వలికి చెప్పరు, కోర్టు అడిగినా చెప్పొద్దని శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం.

ఒకపాలి నేను మా గల్లీల కిరాణం షాపాయన 200 ఎక్కువ చిల్లర ఇస్తే చూసి కూడ జేబుల వేసుకున్న. సంకీర్తనంల చెప్తే నాలుగు పరలోక జపాలు చెప్పమంటరు, అయిపోతది అనుకున్న, ఫాదరేమో ముందుగల్ల పోయి ఆ పైసలు ఇచ్చిరా అన్నరు. మూడు రోజులు ఆ షాపు ముందర్నుంచే తిరిగిన, సిగ్గు. నాలుగో రోజు పోయి ఇచ్చిన. ఆయన నోటు తీసుకొని గల్లాల వేసి, పుస్తకం తీసి, నీ పాత ఉద్దెర 340 కూడ ఉన్నది చూడు అన్నడు. అది కూడ కట్టి వచ్చిన.