హైదరాబాద్‌ను రాత్రిపూట ఎక్కడి నుంచి, ఎన్నింటికి చూడాలి

హైదరాబాద్ రాత్రి వెలుగులు చూడాలనుకునేవాళ్లు మొదట అడిగేది "బాగా ఎత్తైన చోటు ఏది?" అని. ఈ ఊళ్లో ఆ ప్రశ్న పెద్దగా పనికిరాదు. ఎత్తైన గుట్టలు, కోటలు చాలావరకు పొద్దుగూకేసరికి మూతపడతాయి. మిగిలినవి చీకట్లో ఎక్కదగ్గవి కావు. ఎత్తు సంగతి పక్కనపెట్టి రెండు విషయాలు చూసుకోండి. దీపాలకూ మీకూ మధ్య నీళ్లుండాలి. మీరు చేరేసరికి ఆకాశం ఇంకా పూర్తిగా నల్లబడి ఉండకూడదు.

రెండోదే ముఖ్యం, దాన్నే అందరూ పోగొట్టుకుంటారు. భోంచేసి తీరిగ్గా 9కి బయల్దేరితే కనిపించేవి నల్లటి గుడ్డ మీద చుక్కలు. భవనం అంచు ఎక్కడో, ఆకాశం ఎక్కడో తెలియదు. సూర్యుడు అస్తమించిన 12 నిమిషాల నుంచి 30 నిమిషాల దాకా ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, దీపాలూ వెలిగి ఉంటాయి, రెండింటి వెలుగూ ఇంచుమించు సమానంగా కుదురుతుంది. పెద్దవాళ్లు అసురసంధ్య అని ఇంట్లో కూర్చోమనే వేళ సరిగ్గా ఇదే. మన అక్షాంశంలో సూర్యుడు నిటారుగా దిగుతాడు కాబట్టి ఇది తొందరగా అయిపోతుంది. చలిదేశాల వాళ్లు రాసిన ఫొటో పాఠాలు చదివి ఇంకా గంట టైముందిలే అనుకుంటే దెబ్బతింటారు.

హైదరాబాద్‌లో సూర్యాస్తమయం నవంబరు చివర్లో 5:40 ప్రాంతంలో, జూలై మొదట్లో 6:55 ప్రాంతంలో అవుతుంది. తక్కిన నెలలన్నీ ఈ రెండింటి మధ్యే. ఆ రోజు టైము ఫోన్‌లో చూసుకుని, దానికి 40 నిమిషాల ముందే చోటు చేరండి. అది ఆఫీసులు వదిలే వేళ కూడా. మాదాపూర్ వైపు వెళ్లాలంటే ఆ 40 నిమిషాలు లెక్కలోకే రావు, ఇంకో అరగంట కలుపుకోండి.

రోజు ఎంచుకునే వీలుంటే సాయంత్రానికి వాన వెలిసిన రోజు వెళ్లండి. వాన దుమ్మును కడిగేస్తుంది, దూరపు దీపాలు కూడా పదునుగా కనిపిస్తాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇలాంటి సాయంత్రాలు దొరుకుతాయి. డిసెంబరు, జనవరిల్లో చెరువు నీళ్లు కదలకుండా అద్దంలా ఉంటాయి గానీ, నేల దగ్గరి చల్లటి గాలి పైకి లేవక పొగ కిందే నిలిచిపోవడంతో దూరం మసకబారుతుంది. అందుకని చలికాలంలో దగ్గరి దృశ్యాలు, వాన వెలిశాక దూరపు దృశ్యాలు పెట్టుకోండి. దీపావళి రాత్రి మాత్రం ఎత్తైన చోటికి వెళ్లకండి. పొగ తప్ప ఏమీ కనబడదు.

ట్యాంక్ బండ్, నెక్లెస్ రోడ్డు

ఒక్క సాయంత్రమే ఉంటే ఇక్కడికే రండి. హుస్సేన్ సాగర్‌కు తూర్పున ట్యాంక్ బండ్ ఉంటుంది, పడమర నెక్లెస్ రోడ్డు, దక్షిణాన ఎన్టీఆర్ మార్గ్. ఆ దక్షిణపు ఒడ్డు వైపే సచివాలయం, 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, అమరవీరుల స్మారకం ఉన్నాయి. మధ్యలో నీళ్లలో 58 అడుగుల ఏకశిలా బుద్ధుడు.

ట్యాంక్ బండ్ మీద నిలబడితే మీరు పడమర చూస్తారు. సంధ్య కాంతి బుద్ధుడి వెనక పడుతుంది కాబట్టి సూర్యుడు దిగగానే చూడాల్సింది ఇక్కడి నుంచే. అయితే బండ్ మీద ఎక్కడ పడితే అక్కడ నిలబడితే ఆ వెలుగు విగ్రహానికి ఒక పక్కకు పోతుంది. డిసెంబరులో సూర్యుడు నైరుతి వైపు దిగుతాడు, అప్పుడు మీరు సికింద్రాబాద్ వైపుకు, అంటే ఉత్తరానికి జరగాలి. జూన్‌లో వాయవ్యాన దిగుతాడు, అప్పుడు సచివాలయం వైపుకు రావాలి. నాలుగైదు వందల అడుగులు నడిస్తే తేడా తెలుస్తుంది.

బుద్ధుడి మీద పడే ఫ్లడ్‌లైట్లు బలమైనవి. ఫోన్‌ను తన మానాన వదిలేస్తే నల్లటి నీళ్లను వెలిగించబోయి విగ్రహాన్ని తెల్లటి మచ్చ చేసేస్తుంది. విగ్రహం మీదే వేలు నొక్కి పట్టుకోండి, ఫోకస్ లాక్ అవుతుంది. ఆ తర్వాత వేలు కిందికి జరిపి వెలుగు తగ్గించండి, విగ్రహం మడతలు కనిపించేదాకా.

పూర్తిగా చీకటిపడ్డాక నెక్లెస్ రోడ్డుకు మారండి. అక్కడి నుంచి తూర్పు చూస్తారు, బండ్ మీది దీపాల వరస నీళ్లలో నిలువు గీతలై దిగుతుంది. ఇక్కడో కిటుకుంది. పౌర్ణమి ముందురోజు, చతుర్దశి నాడు, సూర్యుడు దిగేసరికే చంద్రుడు తూర్పున కొంచెం పైకి వచ్చి ఉంటాడు. నీలి ఆకాశం, చంద్రుడు, బండ్ దీపాలు మూడూ ఒకేసారి దొరికేది ఆ రోజే, కాబట్టి ఆ రోజు ముందే ఇక్కడికి వచ్చేయండి. పౌర్ణమి నాటికి చంద్రుడు రావడం ఆలస్యమై, దిగంతం దగ్గరి మసకలో చిక్కుకుంటాడు. జలవిహార్ పక్కనున్న లేక్ ఫ్రంట్ పార్కులో నీళ్ల మీదికి చొచ్చుకొచ్చిన నడకదారి ఉంది. టికెట్ ఉంటుంది గానీ, రోడ్డు దీపాలు వెనకపడిపోతాయి కాబట్టి డబ్బుకు న్యాయమే.

మెట్రోలో వస్తే ఖైరతాబాద్ లేదా లక్డీకాపూల్ స్టేషన్లో దిగి ఆటో ఎక్కండి. కారు ట్యాంక్ బండ్ మీద ఆపకండి. ఎండాకాలంలో సాగర్ వాసన సంగతి వేరే చెప్పక్కర్లేదు. గాలి మీ వైపు వీస్తుంటే అవతలి ఒడ్డుకు మారండి. దోమలకు మాత్రం అన్ని ఒడ్డులూ ఒక్కటే, చేతులకు ఓడోమాస్ రాసుకునే రండి.

బిర్లా మందిర్

నౌబత్ పహాడ్ గుట్ట మీది ఈ పాలరాతి గుడి 1976లో పూర్తయింది. చీకటి పడ్డాక కూడా తెరిచి ఉండి, పైసా ఖర్చు లేకుండా, వెలుతురున్న మెట్ల మీద భద్రంగా ఎక్కి నగరాన్ని చూడగలిగే ఎత్తైన చోటు ఊరి నడిబొడ్డున ఇదే. ఉత్తరాన కాళ్ల కింద సచివాలయం గుమ్మటాలు, దాని వెనక సాగర్.

లోపలికి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్లనివ్వరు. కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. చాలామంది దీన్ని లోటనుకుంటారు గానీ, అందరూ చేతులు ఖాళీగా పెట్టుకుని ఊరిని చూసే చోటు ఇదొక్కటే మిగిలింది. గుడి రాత్రి 9కల్లా మూసేస్తారు. పండగ రోజుల్లో, శని ఆదివారాల్లో ఫోన్ల కౌంటర్ దగ్గర వరస పెరుగుతుంది కాబట్టి 7:30కి కింద ఉండేలా చూసుకోండి. ట్యాంక్ బండ్ మీద సంధ్య చూసుకుని నేరుగా ఇక్కడికి వస్తే టైము సరిపోతుంది.

దుర్గం చెరువు వంతెన

2020 సెప్టెంబరులో తెరిచిన ఈ తీగల వంతెనను చూడటానికి వచ్చేవాళ్లు సగం మంది వంతెన మీదే బండి ఆపుతారు, చలానా తీసుకుంటారు. బండిని ఇనార్బిట్ మాల్ వైపు పార్క్ చేసి, వంతెన పక్కనున్న ఫుట్‌పాత్ మీద నడవండి. మెట్రోలో వచ్చేవాళ్లు దుర్గం చెరువు స్టేషన్ పేరు చూసి వంతెన పక్కనే ఉందనుకోకండి. అక్కడి నుంచి మళ్లీ ఆటో కావాలి.

అవతలి జూబ్లీహిల్స్ కొస దాకా వెళ్లి, అక్కడి నుంచి మాదాపూర్ వైపు నడిస్తే ఐటీ భవనాలు, వాటి వెనక సంధ్య ఎదురుగా ఉంటాయి. తిరిగి వచ్చేటప్పటికి చీకటిపడుతుంది, తీగల మీద దీపాలు రంగులు మారుస్తుంటాయి.

ఈ రంగుల దగ్గరే ఫొటోలు పాడవుతాయి. రాత్రి ఫొటో అంటే షట్టర్ 10, 15 సెకన్లు తెరిచి ఉంచాలని నేర్చుకుని వస్తారు. ఆ 10 సెకన్లలో తీగలు నీలం, ఊదా, ఆకుపచ్చ అన్నీ అయిపోతాయి, ఫొటోలో అవన్నీ కలిసి పాలిపోయిన తెలుపు మిగులుతుంది. ఫోన్ నైట్ మోడ్ కూడా ఇదే చేస్తుంది. నైట్ మోడ్ ఆపేయండి, లేదా దాని సమయాన్ని 1 సెకనుకు తగ్గించండి. కెమెరా అయితే ఐఎస్ఓ (వెలుతురును పట్టే స్థాయి) 400, ఎఫ్ (లెన్స్ తెరుచుకునే కొలత) 5.6 దగ్గర మొదలుపెట్టి షట్టర్‌ను 1, 2 సెకన్ల మధ్య ఉంచండి. కదలని దీపాలకైతే ఐఎస్ఓ 100, ఎఫ్ 8, 10 సెకన్లు మామూలే.

రెండో తప్పు ట్రైపాడ్‌ను వంతెన నడిమధ్య పెట్టడం. రెండు స్తంభాల మధ్య 233 మీటర్ల దూరం ఉంది, బస్సు పోయిన ప్రతిసారీ నడుమ ఊగుతుంది. కాళ్లకు పెద్దగా తెలియదు గానీ ఫొటోలో దీపాలన్నీ జంటలవుతాయి. స్తంభం మొదట్లో పెట్టుకోండి, 2 సెకన్ల టైమర్ వాడండి, ట్రైపాడ్ మీద ఉన్నంతసేపు లెన్స్ స్టెబిలైజర్ ఆపేయండి.

చార్మినార్

చార్మినార్ పైకి సాయంత్రం తర్వాత ఎక్కనివ్వరు, కాబట్టి ఇక్కడ కిందనుంచి చూడటమే. గుల్జార్ హౌజ్ దగ్గర దక్షిణానికి తిరిగి నిలబడితే చార్మినార్ కమాన్ నడుమ చార్మినార్ పటం కట్టినట్టు కనిపిస్తుంది. చీకట్లో కమాన్ నల్లగా, లోపల కట్టడం పసుపుగా ఉంటుంది. 9 తర్వాత రద్దీ కొంచెం తగ్గుతుంది, అంగళ్ల దీపాలు ఇంకా ఉంటాయి. రంజాన్ నెలలో ఈ లెక్కలేవీ పనిచేయవు, లాడ్ బజార్ సహరీ దాకా వెలుగుతూనే ఉంటుంది. ఆ నెలలో సొంత బండి వద్దు. ఎంజీబీఎస్ మెట్రోలో దిగి ఆటో పట్టుకోండి, మదీనా దగ్గర దిగి నడవండి.

గుట్టలు, కోట, మెట్రో

ఖాజాగూడ గుట్టల మీది నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ బాగా కనిపించే మాట నిజమే. కానీ పైన దీపాలు లేవు, బండల మీద చెదిరిన మొరం గోళీల్లా జారుతుంది, దిగేటప్పుడే కాలు తప్పేది. సూర్యాస్తమయం చూసి, వెలుతురు ఉండగానే దిగిపోండి. తడిసిన రోజున ఎక్కనేవద్దు. మౌలాలీ గుట్ట నయం, దర్గా దాకా మెట్లున్నాయి, పైన నాలుగు దిక్కులా ఊరే. ఎంతసేపు ఉండనిస్తారో దర్గా వాళ్లను ముందే అడగండి.

గోల్కొండ కోట పైభాగమైన బాలాహిసార్ నుంచి రాత్రి నగరం చూడొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. సాయంత్రానికి సందర్శకులను దించేస్తారు. ఆ తర్వాత ఉండేది సౌండ్ అండ్ లైట్ షో, దాన్ని కింది నుంచే చూడాలి.

పిల్లలు, పెద్దవాళ్లతో ఉంటే అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఎక్కండి. పట్టాలు రోడ్డుకు చాలా ఎత్తున వెళ్తాయి, కింద ట్రాఫిక్ ఎర్ర తెల్ల వరసలుగా పారుతుంది. హైటెక్ సిటీ దగ్గర 1998 నాటి సైబర్ టవర్స్ ఇప్పుడు తన పక్కవాటి మధ్య పొట్టిగా కనిపిస్తుంది. 6 నుంచి 8 దాకా ఎక్కితే మనుషుల వీపులే కనిపిస్తాయి, 9 తర్వాత ఎక్కండి. అద్దంలో లోపలి దీపాలు ప్రతిఫలిస్తే ఫోన్ లెన్స్‌ను అద్దానికి ఆనించి, చుట్టూ చున్నీ కప్పండి. వానాకాలంలో ఏసీ బోగీ లోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది, ఐదు నిమిషాలు ఆగితే అదే పోతుంది.

ఫ్లైఓవర్లు, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎంత మంచి దృశ్యం కనిపించినా ఆపకండి. ఔటర్ మీద వెనకనుంచి వచ్చే బండికి చీకట్లో ఆగిన మీ కారు ఆగిందని తెలిసేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు. డ్రోన్ ఎగరేయాలనుకుంటే ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ ముందు చూడండి, రెడ్ జోన్లో కేంద్రం అనుమతి లేకుండా కుదరదు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు ఈ జాబితాలో నెక్లెస్ రోడ్డు, బిర్లా మందిర్ జనం ఉండే చోట్లు, గుట్టలు మాత్రం తోడు లేకుండా వద్దు. ఇబ్బంది వస్తే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేసి, దగ్గరి మెట్రో పిల్లర్ నంబరు చెప్పండి. చీకట్లో మీరున్న చోటు వివరించడానికి అంతకంటే తేలికైన గుర్తు లేదు.