పాత కెమెరా కొనడానికి వెళ్లేటప్పుడు మెమరీ కార్డు వెంట ఉంచుకోండి

తక్కువ బడ్జెట్‌లో మొదటి మంచి కెమెరా కోసం సెకండ్ హ్యాండ్ వైపు చూసేవారికి ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, పైకి కొత్తదానిలా మెరిసే కెమెరా లోపల ఎంత అరిగిందో కంటికి తెలియదు. అందుకని డబ్బు ఇచ్చే ముందు మీ సొంత మెమరీ కార్డు వేసి, అమ్మేవారి అనుమతితో మూడు ఫోటోలు తీయండి.

ఎపర్చర్‌ను (లెన్సులో కాంతి వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/16 వద్ద, అంటే బాగా చిన్నదిగా ఉంచి, ఫోకస్ కావాలనే తప్పించి తెల్లగోడను తీస్తే, సెన్సార్ (కాంతిని చిత్రంగా మార్చే భాగం) మీది దుమ్ము మసక మచ్చలుగా కనిపిస్తుంది. (దాన్ని శుభ్రం చేయించుకోవచ్చు కనుక ఇది బేరానికి మాత్రమే పనికివస్తుంది.) తరువాత మాన్యువల్ ఫోకస్‌కు మార్చి, లెన్సుకు మూత పెట్టి, ఐఎస్ఓ (కాంతికి స్పందించే స్థాయి) 1600 వద్ద రెండు సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వండి, పాడైన పిక్సెళ్లు ఉంటే రంగు చుక్కలుగా బయటపడతాయి. మూడవది మామూలు జేపెగ్ ఫోటో. దాన్ని ఎడిట్ చేయకుండా ఎక్సిఫ్ వివరాలు (ఫోటోతో పాటు కెమెరా నమోదు చేసే సమాచారం) చూపే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో షట్టర్ కౌంట్, అంటే కాంతిని లోపలికి వదిలే తెర ఇప్పటివరకు ఎన్నిసార్లు పనిచేసిందో తెలుస్తుంది. ఉదాహరణకు నికాన్ డీ7200 షట్టర్‌ను 1,50,000 సార్లకు పరీక్షించారు కాబట్టి, 30,000 దగ్గర ఉన్నదాన్ని ధైర్యంగా తీసుకోవచ్చు. 1,20,000 దాటినదానికి ధర బాగా తగ్గిస్తే తప్ప నేనైతే ఒప్పుకోను.

అయితే చాలా క్యానన్ మోడళ్లు ఈ సంఖ్యను ఫోటోలో నమోదు చేయవు. వాటి విషయంలో మొదటి రెండు పరీక్షలే ఆధారం.