పాత పొగాకు బ్యారన్‌లో గోథిక్ బంగళా కట్టాలంటే

మాది టంగుటూరు పక్కన పల్లె. పద్నాలుగేళ్లుగా ఎండాకాలం ఎగ్జిబిషన్లకు భూత్ బంగ్లాలు కడుతున్నాను. ఒంగోలు, కావలి, నెల్లూరు, ఎక్కడ గ్రౌండ్ దొరికితే అక్కడ. రేకులు, సరుగుడు కర్రలు, నల్లగుడ్డ, థర్మోకోల్ అస్థిపంజరాలు. జనం కేకలు పెట్టి, నవ్వుకుంటూ బయటికొచ్చి, ఇంటికెళ్లేలోపే మర్చిపోయేవాళ్లు. రెండేళ్ల కిందట, ఒకప్పుడు మా నాన్న పచ్చి పొగాకును వేడికి ఆరబెట్టి, తర్వాత వదిలేసిన బ్యారన్‌లోనే ఒక బంగళా కట్టాను. ఉలిక్కిపడటం వేరు, భయపడటం వేరని అప్పుడు తెలిసింది.

ఈ తేడా ఆన్ రాడ్‌క్లిఫ్ అనే ఇంగ్లిష్ రచయిత్రి ఎప్పుడో చెప్పింది. ఆమె పోయాక 1826లో అచ్చయిన వ్యాసంలో ఉంది. ఇంకా కనపడనిదాని కోసం మనసు విచ్చుకుని ఎదురుచూడటం ఒకటి, ఎదుట పడ్డదాన్ని చూసి గడ్డకట్టిపోవడం ఇంకొకటి. మన భూత్ బంగ్లాలన్నీ రెండోదాని మీదే నడుస్తున్నాయి. గోథిక్ కథ, అంటే పాత ఇళ్ల చీకట్లో భయం మెల్లగా పెరిగే కథ, నడిచేది మొదటిదాని మీద.

కాబట్టి ముందు బొమ్మలు కొనకండి, ఒక్క కథ ఎంచుకోండి. ఒక్కటే. డ్రాకులా, ఫ్రాంకెన్‌స్టైన్ చేసిన మనిషి, ఇద్దరినీ ఒకే కప్పు కిందికి తెస్తే అది ఎవరి ఇల్లో తెలియదు. ఎవరి ఇల్లో తెలియని చోట భయం నిలవదు. నేను అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో 1839లో రాసిన అషర్ ఇంటి కథ తీసుకున్నాను. ఉత్తరం అందుకుని ఒక స్నేహితుడు పాత ఇంటికి వస్తాడు. అక్కడ జబ్బుతో ఉన్న అన్నాచెల్లెళ్లు, కవలలు. చెల్లెలు చనిపోయిందని ఇంటి కింద గదిలో పెడతారు. ఆమె బతికే ఉంటుంది. చివరికి ఇల్లు నిలువునా చీలి ముందున్న మడుగులో మునిగిపోతుంది.

దాన్ని నేను మా వైపు పొగాకు వ్యాపారి ఇంటికి తెచ్చుకున్నాను. చూడటానికి వచ్చినవాళ్లకు టికెట్ బదులు ఒక ఉత్తరం ఇస్తాం. పాత ఇన్‌లాండ్ కవరు మీద చేతిరాతతో రెండు ముక్కలు: ‘చెల్లికి ఒంట్లో బాగాలేదు. ఒకసారి వచ్చిపోండి.’ అది చేతిలో పట్టుకున్నాక వాళ్లు ప్రేక్షకులు కారు, ఆ ఇంటికి వచ్చిన చుట్టాలు.

చోటు సంగతి. బ్యారన్ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మాది 16 అడుగుల చదరం, ఎత్తు 20 దాకా, పేరుకి కూడా కిటికీ లేదు. పైదాకా అడ్డ వాసాలు. కర్రలకు అల్లిన పచ్చాకు వాటి మీద వేలాడదీసి, పొయ్యి వెలిగించి, ఐదారు రోజులు రాత్రీపగలూ వేడి తగ్గకుండా కాపు కాసేవాళ్లు. గోడలో జానెడు అద్దం ఉంటుంది. దానికి అవతల థర్మామీటరు. నాన్న నడిరేయి లేచి ఆ అద్దంలోంచి టార్చి వేసి చూసేవాడు. నేను ఆయన చంకలోంచి తొంగి చూసేవాణ్ణి. టార్చి వెలుగులో థర్మామీటరు, దాని వెనక వేలాడే ఆకులు, ఆపైన ఏమీ కనపడని చీకటి. బంగళా మొత్తం ఆ అద్దం చుట్టూ కట్టాను. మీకూ చిన్నప్పుడు భయపెట్టిన చోటు ఒకటి ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి.

ఎండలోంచి వచ్చిన కంటికి చీకటి వెంటనే అలవాటు కాదు. కాస్త పట్టుదొరకడానికే ఐదు నిమిషాలు పైన పడుతుంది. అందుకే బ్యారన్‌కు ముందు తాటాకు వసారా వేసి మూడు మలుపులు తిప్పాను. మలుపు మలుపుకీ వెలుగు తగ్గుతుంది, పైకప్పు కిందికి దిగుతుంది. ఆఖరి మలుపు ఆరున్నర అడుగులే. అక్కడినుంచి అడుగు లోపల పెట్టగానే తల పైన 20 అడుగుల చీకటి. ఎవరూ ఏమీ చెయ్యకుండానే జనం గొంతు తగ్గించేస్తారు.

ఇప్పుడు చెల్లెలు. దీనికి పాత కిటుకు ఉంది. 1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ అనే సైన్సు మాస్టారు స్టేజి మీద చేసి చూపించాడు, అమెరికాలోని డిస్నీల్యాండ్ పార్కులో 1969లో తెరిచిన దెయ్యాల భవంతిలోనూ వాడారు. చూసేవాళ్లకూ గదికీ మధ్య అవతలిది కనపడే పెద్ద గాజు అద్దం 45 డిగ్రీల ఏటవాలుగా నిలబెట్టాలి. పక్కన వాళ్లకు కనపడని మరుగు గది, అందులో నల్లగుడ్డ కప్పిన బల్ల, బల్ల మీద నటి. ఆమె మీద లైటు పెంచితే ఆమె ప్రతిబింబం అద్దంలో పడి, అవతల గదిలోని ఖాళీ మంచం మీద ఉన్నట్టు కనపడుతుంది. టేపు పెట్టి కొలవండి: మంచం అద్దానికి వెనక ఏడు అడుగులుంటే బల్ల కూడా అద్దానికి ఏడు అడుగులే ఉండాలి, ఎత్తూ సమానం. అంగుళం తేడా వస్తే ఆమె మంచం మీద పడుకోదు, గాల్లో తేలుతుంది. కుడి ఎడమలు తారుమారవుతాయి, రిహార్సల్‌లో చూసుకోండి. అద్దం పగిలినా గుచ్చుకోని టఫెన్డ్ గ్లాసే తీసుకోండి. నాన్న తొంగి చూసిన జానెడు అద్దాన్ని రెండు అడుగులకు పెంచాను, థర్మామీటరు మాత్రం తియ్యలేదు. అందులోంచి చూస్తే లోపలి పెద్ద అద్దం అంచులు కనపడవు.

మొదటి ఏడు జూన్‌లో పడమటి గాలికి దుమ్ము వచ్చి అద్దం మీద, నల్లగుడ్డ మీద పట్టింది. లైటు పడగానే ఒక పిల్లాడు ‘అద్దం’ అన్నాడు. ఆ సాయంత్రం ఇక ఎవరికీ భయం వెయ్యలేదు, నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు గంటకోసారి తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ.

శబ్దం చెవికి కాదు, కాళ్లకు వినిపించాలి. నేల మీద చెక్కలు పరిచి కింద స్పీకరు పెట్టాను. పో 1843లో రాసిన ఇంకో కథలో గుండె చప్పుడు దూదిలో చుట్టిన గడియారంలా ఉంటుంది. అంత సన్నగా ఉంటే చాలు.

మాట్లాడే మనిషి ఒక్కరే, లాంతరు పట్టుకున్న పనిమనిషి. పద్యనాటకాలు ఆడిన నెల్లూరు పెద్దమ్మ ఒకామె చేస్తోంది. నేను రాసిచ్చిన డైలాగులు పక్కన పెట్టి తన మాటల్లోనే అంటుంది: “పైన అమ్మాయిగోరు నిద్దర పోతా ఉండారు, చప్పుడు చెయ్యబాకండి.” అంతే. ఏమీ వివరించదు, ఎవరినీ ముట్టుకోదు. ముట్టుకోకూడదన్నది మా దగ్గర తప్పని రూలు.

ఆరుగురికి ఒక బ్యాచ్, మూడు నిమిషాలకొకటి, గంటకు 120 మంది. అంతకు మించి ఆశపడితే ముందువాళ్ల కేకలు వెనకవాళ్లకు వినపడి అంతా పాడవుతుంది. లాంతరులో బల్బే, నిప్పు వద్దు. గుడ్డలన్నీ మంట అంటుకోకుండా మందు పట్టించినవే. ఒక్క స్విచ్చి నొక్కితే లోపల లైట్లన్నీ వెలగాలి. ప్రతి గదికీ బయటికి తెరుచుకునే తలుపు, చాలనుకున్నవాళ్లు మాట పడకుండా పోయేలా. గర్భిణులకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ముందే చెప్పాలి.

ఇక ఆఖరుగా గోడ సంగతి. ఏళ్ల వేడికి మా బ్యారన్ ముందుగోడ చూరునుంచి నేలదాకా వంకరగా పగిలింది. ఇంజనీరును పిలిపించాను. పైపూతే పగిలిందని, ఇటుకలు గట్టిగా ఉన్నాయని చెప్పాకే దాన్ని అలా వదిలేశాను. లోపలికి వెళ్లేటప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. బయటికి వచ్చే దారి మళ్లీ ఆ గోడ ముందుకే తిప్పండి. పగులులో దాచిన ఎర్ర లైటు కిందనుంచి పైకి మెల్లగా పాకాలి. జనం ఆగి చూస్తారు. అప్పుడు లోపలినుంచి తలుపు మీద రెండు దెబ్బలు వినపడాలి. మూడోది వద్దు.